రెండో సన్నాయి

ఫిబ్రవరి 11, ఆదివారం

శావల్యాపురంలో పగటి ముహూర్తం. తలంబ్రాలు అయ్యాక మోహన రాగం ఎత్తుకున్నాను. కాస్త సాగీ సాగకముందే తమ్ముడు ఫరీద్ సన్నాయి నోట్లోంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఊదే పీక సరిచేసుకుంటున్నాడేమో అనుకున్నాను. మళ్లీ ఎత్తలేదు. చివరిదాకా నేనొక్కడినే ఊదాను. డోలు అతను మా ఇద్దరి వంకా మార్చి మార్చి చూశాడు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో పక్కనే కూర్చుని, కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు. 'అన్నా, నీ సన్నాయి శ్రుతి కంటే పైకి పోతంది. చానా రోజుల నుంచి చెప్దామనుకుంటన్నా.'

వాడి వేళ్లు పట్టుకుని సన్నాయి రంధ్రాల మీద పెట్టింది నేను. నాన్న పోయేనాటికి వాడికి సరళీ స్వరాలు కూడా సరిగ్గా రావు. ఎక్కడ పైకి పోయింది, ఏ స్వరం అని అడిగాను. 'అన్నీ' అన్నాడు.

నరసరావుపేటలో దిగి ఎవరి దోవన వాళ్లం పోయాం. వాడికి వేరే జోడీ కావాలనుకుంటా. ఆ మాట సూటిగా చెప్పొచ్చు.

ఫిబ్రవరి 13, మంగళవారం

ఫరీద్ ఫోన్ చేశాడు. ఎత్తలేదు.

ఫిబ్రవరి 15, గురువారం

ఇన్నయ్య ఇంటికి వెళ్లాను. హైస్కూల్లో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లం. ఇప్పుడు వాడు బడిపంతులు. ఆదివారాలు చర్చిలో కీబోర్డు వాయిస్తాడు, ఇంట్లో ముందు గదిని స్టూడియో చేసుకుని క్రీస్తు పాటలు రికార్డు చేస్తుంటాడు. వాడికి సంగతంతా చెప్పలేదు. రెండు సన్నాయిలూ నేనే ఊది, ఒకదాని మీద ఒకటి ఎక్కించి వినాలని ఉంది, కుదురుతుందా అని మాత్రం అడిగాను.

కుదురుతుందన్నాడు. వాడి దగ్గర రెండు మెషీన్లున్నాయి. ఒకటి పాతది, క్యాసెట్‌ది. మామూలు క్యాసెట్టే పడుతుంది గాని, దాని మీద నాలుగు వరసలు విడివిడిగా రికార్డవుతాయి. ఒక ట్రాకులో ఊది, టేపు వెనక్కి తిప్పి, హెడ్‌ఫోన్‌లో అది వింటూ రెండో ట్రాకులో ఊదొచ్చు. రెండోది డిజిటల్. ఎనిమిది ట్రాకులు, టేపు లేదు, అంతా చిన్న కార్డులో పడుతుంది. డిజిటలే తీసుకుపొమ్మన్నాడు ఇన్నయ్య. టేపులో ఉన్నదాని మీద ఊదితే పాతది శాశ్వతంగా పోతుందట. డిజిటల్లో ఎన్నిసార్లు ఊదినా అన్నీ ఉంటాయట, తప్పును వెనక్కి తీసుకోవచ్చట.

నేను టేపే అడిగాను. సన్నాయి ఊపిరితో పలికేది, దాన్ని అంకెలు చేసి మళ్లీ సన్నాయి చేస్తే అందులో ఏం మిగులుతుంది. తప్పును వెనక్కి తీసుకోవాల్సిన అవసరం కూడా నాకు లేదు.

రెండు సన్నాయిలూ నావే అయితే, ఎవరు పైకి పోయారో ఎవరు కిందికి జారారో తేలిపోతుంది. క్యాసెట్ తీసుకెళ్లి ఫరీద్ చేతిలో పెడతాను. మాట్లాడను.

ఫిబ్రవరి 16, శుక్రవారం

మధ్యాహ్నం వీధి సద్దుమణిగాక మొదలుపెట్టాను. కిటికీలకు దుప్పట్లు కట్టి, ఫ్యాన్ ఆపి, సైదమ్మను మిక్సీ వెయ్యొద్దన్నాను. ప్లగ్గు కుడివైపు గోడకుంది గనక శ్రుతి పెట్టె కుడిపక్క గూట్లో పెట్టుకున్నాను. చెమట కళ్లలోకి కారుతోంది. మోహన ఆలాపన. చానా రోజుల తర్వాత ఇంత బాగా ఊదాను. తారస్థాయిలో నిలబడ్డప్పుడు నాన్న గుర్తొచ్చాడు.

సైదమ్మ వంటింటి గడపలో నిలబడి వింది. అయిపోయాక కూడా అక్కడే ఉంది. 'ఇట్టా ఊది ఎన్నాళ్లయిందయ్యా' అంది.

మొగుడు బాగా ఊదాడని నా భార్య ఇన్నేళ్లలో అన్న మాట అదొక్కటే. రాసిపెట్టుకుంటున్నాను.

ఫిబ్రవరి 17, శనివారం

రెండో సన్నాయి. హెడ్‌ఫోన్ ఎడమ చెవికి పెట్టుకుని కుడి చెవి వదిలేశాను. కచేరీలో ఫరీద్ కూర్చునేది కుడివైపే, రెండో సన్నాయి అటునుంచి వినడమే నాకు అలవాటు. ఊదుతున్నంతసేపూ అతికినట్టుగా ఉంది. ఆపి, రెండూ కలిపి స్పీకర్లో పెడితే అపశ్రుతి. రెండోది పైకి ఉంది. ఒక స్వరం కాదు, అన్నీ.

మళ్లీ ఊదాను. మళ్లీ అంతే. మూడోసారీ అంతే.

క్యాసెట్ మెషీన్లో మోటారు వేడెక్కితే వేగం మారుతుంది. నిన్న చల్లగా ఉన్నప్పుడు మొదటిది పడింది, ఇవాళ వేడి మీద రెండోది పడింది. అదీ తేడా.

ఫిబ్రవరి 19, సోమవారం

బెల్టు. సాగిపోయింది. బెల్టే.

ఫిబ్రవరి 25, ఆదివారం

ఇన్నయ్య గుంటూరు నుంచి కొత్త బెల్టు తెప్పించి వేశాడు. కూర్చుని మరీ వేగం సరిచూశాడు. ఫోన్లో శ్రుతి కొలిచే యాప్ ఒకటుందని, దాని ముందు ఒకసారి ఊది చూడమని అన్నాడు. గమకం నిలబడి కొలిపించుకుంటుందా అన్నాను.

ఇవాళ కలిసింది. దాదాపు.

సైదమ్మను పిలిచి వినిపించాను. నాకేం తెలుసు, సంగీతం నీది అని గిన్నెలు కడుక్కోవడానికి పోయింది. మొన్న తెలిసిందిగా.

మార్చి 3, ఆదివారం

సత్తెనపల్లి పెళ్లి. ఫరీద్ రాలేదు, నేనూ పిలవలేదు. చిలకలూరిపేట నుంచి ఒక కుర్రాడు రెండో సన్నాయికి వచ్చాడు. పద్ధతిగా ఉన్నాడు, కాళ్లకు దణ్ణం పెట్టాడు, ఎక్కడ ఆపితే అక్కడ ఆపాడు. కానీ కలవడు. నేను పైన ఉంటే తను కిందే ఉంటాడు. కళ్లతో సైగ చేశాను, పైకి రమ్మని. భయపడి ఇంకా మెల్లగా ఊదాడు.

భోజనాలప్పుడు చూస్తే మైకుసెట్టు అతను నా ముందున్న మైకు తీసేసి కుర్రాడి ముందు పెట్టి ఉన్నాడు. ఎందుకని అడిగితే, మీది మైకు లేకపోయినా గట్టిగా వినపడుద్ది గదా పెద్దాయనా అన్నాడు. అది నిజమే. నాది ఎప్పుడూ గట్టి ఊపిరి.

మార్చి 10, ఆదివారం

టేపు వదిలేశాను. ఇన్నయ్య డిజిటల్ మెషీన్ తెచ్చిపెట్టాడు. బెల్టు లేదు, మోటారు లేదు, వేడెక్కినా వేగం మారదు. మొదటి ట్రాకు టేపులో ఉన్న మోహన కాకుండా కొత్తగా ఊదాను. తర్వాత రెండోది.

అదే. పైకి.

ఎన్నిసార్లు ఊదానో అన్నీ అందులో వరసగా ఉన్నాయి. టేపయితే కొత్తది పడగానే పాత తప్పు పోయేది. ఇది దేన్నీ మర్చిపోదు. ఒక్కొక్కటీ పెట్టి విన్నాను. శబ్దంలో ప్రాణం లేదు. స్టీలు గ్లాసులో స్పూను ఆడించినట్టుంది. ఇట్లాంటి దాంట్లో శ్రుతి కలవదు. నేను ముందే అన్నాను ఇన్నయ్యతో.

మార్చి 12, మంగళవారం

రంజాన్ రోజాలు మొదలయ్యాయి. గొంతూ పెదాలూ ఎండి ఉన్నప్పుడు ఊదితే ఎవరికైనా శ్రుతి తప్పుతుంది. అది లెక్కలోకి రాదు. పండగ దాకా సన్నాయి తియ్యను.

ఏప్రిల్ 11, గురువారం

ఈద్. నమాజు అయ్యాక ఫరీద్ జనంలోంచి దారి చేసుకుని వచ్చి ఆలింగనం చేసుకున్నాడు. మూడుసార్లూ గట్టిగా పట్టుకున్నాడు. మూడోసారి వదలబోయి మళ్లీ పట్టుకున్నాడు. వాడి పిల్లలకు ఈదీ డబ్బులు ఇచ్చాను.

నెల రోజులు ఊదలేదు. చెవిలో సన్నగా కూత మాత్రం పోవడం లేదు. ఉపవాసం నీరసం.

ఏప్రిల్ 14, ఆదివారం

చర్చి అయ్యాక ఇన్నయ్య వచ్చాడు. మెషీన్ వాడుతున్నానా అని అడిగాడు. ఇందులో ఏదో లోపం ఉంది, రెండో ట్రాకును పైకి లాగుతోంది అన్నాను. వాడు నవ్వలేదు. అయితే చూద్దాం, ఒక్క స్వరం ఊదు, షడ్జం చాలు అన్నాడు.

ఊదాను. మధ్యలో ఎన్నికల ప్రచారం ఆటో పాట పెట్టుకుంటూ వీధిలోకి వచ్చింది. అది పోయిందాకా ఆగి మళ్లీ ఊదాను.

ఇన్నయ్య ఆ స్వరాన్ని అట్లాగే ఇంకో ట్రాకులోకి కాపీ చేశాడు. ఒకటి ఎడమ చెవిలో, ఒకటి కుడి చెవిలో వచ్చేట్టు పెట్టాడు. టేపులో కాపీ చేస్తే తేడా రావచ్చు గాని ఇందులో రాదు, అదీ ఇదీ ఒకటే, అందుకే ఇది పెట్టాను అన్నాడు. హెడ్‌ఫోన్ నాకిచ్చాడు.

రెండు స్వరాలు. ఎడమ చెవిలోది పైన, కుడి చెవిలోది కింద. మధ్యలో గరగరమని కొట్టుకుంటున్నాయి.

చూశావా, మెషీన్లోనే ఉంది అన్నాను. వాడు హెడ్‌ఫోన్ తీసుకుని విన్నాడు. ఒక్కటే ఉంది ఖాదర్ అన్నాడు. సైదమ్మను పిలిచి పెట్టాడు. ఆమె విని, ఒక్క సన్నాయే గదా అన్నయ్యా అంది. హెడ్‌ఫోన్‌లో లోపం ఉండొచ్చు అన్నాను.

'అట్టయితే తిప్పి పెట్టుకో' అన్నాడు ఇన్నయ్య. 'ఎడమది కుడికి, కుడిది ఎడమకి. లోపం దాంట్లో ఉంటే దాంతోపాటు మారుద్ది.'

తిప్పి పెట్టుకున్నాను. పైనున్నది ఎడమ చెవిలోనే ఉంది.

మళ్లీ తిప్పాను. ఎడమ చెవిలోనే. మళ్లీ తిప్పాను. ఇన్నయ్య నా చేతుల మీద చెయ్యి వేసి ఆపాడు.

ఏప్రిల్ 15, సోమవారం

రాయడానికి ఏమీ లేదు.

ఏప్రిల్ 19, శుక్రవారం

గుంటూరులో చెవి డాక్టరు. ఇన్నయ్య బడికి సెలవు పెట్టి తోడొచ్చాడు. అద్దాల గదిలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్ పెట్టారు. శబ్దం వినపడ్డప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. కొంతసేపటికి ఏమీ వినపడలేదు. అందరికీ ఇప్పుడు వినపడుతూ ఉండి ఉంటుందనిపించి నొక్కాను. తలుపు తీసి, శబ్దం వస్తేనే నొక్కండి బాబాయ్ అంది ఆ అమ్మాయి.

డాక్టరమ్మ ఏం పని చేస్తారని అడిగింది. మంగళవాద్యం అన్నాను. డోలు ఎటువైపు ఉంటుంది అని అడిగింది. ఎడమవైపు అన్నాను. ఆమె రాసుకుంది.

చెవి లోపల సన్నటి నూగు లాంటిది ఉంటుందట, పెద్ద శబ్దాలకు రాలిపోతుందట, ఒకసారి రాలితే మళ్లీ రాదట. అందుకే ఒకే స్వరం ఎడమ చెవికి ఇంకో స్వరంలా తోస్తుందట. మందు లేదు. చెవి మిషన్ పెడితే శబ్దం పెంచుతుంది గాని శ్రుతి సరిచెయ్యదు. కుడి చెవిలో కూడా పై స్వరాల దగ్గర మొదలైంది. ఇక డోలుకూ సన్నాయికీ దూరంగా ఉండమంది.

ఎంత దూరంగా అని అడిగాను. ఆమెకు ప్రశ్న అర్థం కాలేదు.

బస్సులో ఇన్నయ్య ఏదో చెబుతూ వచ్చాడు. నా ఎడమ పక్కన కూర్చున్నాడు.

ఏప్రిల్ 22, సోమవారం

కుడి చెవి ఉంది. మధ్యస్థాయిలో అది ఇంకా నిక్కచ్చిగా ఉంది. ఫిబ్రవరిలో టేపు మీద ఊదిన మొదటి మోహనను కుడి చెవితో విన్నాను. బాగుంది. ఆ రోజు శ్రుతి పెట్టె ఎప్పట్లా ఎడమవైపు కాకుండా కుడివైపు ఉంది, అదీ కిటుకు. అంటే కుడివైపు పెట్టుకుంటే చాలు. ఎడమ చెవిలో దూది పెట్టుకుంటే చాలు. ఇన్నాళ్లూ ఇంత చిన్న సంగతి తోచలేదు.

డాక్టర్లు అట్లాగే చెబుతారు.

ఏప్రిల్ 23, మంగళవారం

టేపు మెషీన్ మీదే కూర్చున్నాను. మొదటి ట్రాకు కుడి చెవిలో, ఎడమ చెవిలో దూది. రెండో సన్నాయి ఎత్తుకున్నాను. మధ్యస్థాయి అంతా కలిసింది, దేవుడి సాక్షిగా కలిసింది. పైకి వెళ్లేసరికి, మొదటి ట్రాకులో నాన్న గుర్తొచ్చిన చోట, మెట్టు తప్పినట్టయింది. ఎక్కడ కాలు పెట్టినా నేల లేదు.

మళ్లీ మొదలుపెడదామని టేపు వెనక్కి తిప్పి రికార్డు నొక్కాను. ఊదుతుంటే హెడ్‌ఫోన్‌లో మొదటిది వినపడడం లేదు. చూస్తే రెండో ట్రాకుకు బదులు మొదటి ట్రాకు మీట వేసి ఉంది. ఆపేసరికి మోహన సగానికి పైగా పోయింది.

ఇన్నయ్యకు ఫోన్ చేశాను. టేపు గదా, ఏం చెయ్యలేం అన్నాడు. డిజిటల్లో ఉన్నవన్నీ భద్రంగా ఉన్నాయట.

ఏప్రిల్ 24, బుధవారం

పొరపాటున మీట మారింది. పొరపాటే.

మే 5, ఆదివారం

మూఢం వచ్చింది, శ్రావణం దాకా పెళ్లిళ్లు లేవు. మేళానికి ఎందుకు పోవడం లేదని వీధిలో ఎవరూ అడగరు. సైదమ్మ రెండు పూటలా గొంతు పెంచి మాట్లాడుతోంది. నాకు చెవుడు కాదని చెప్పాను. ఆ తర్వాత అసలు మాట్లాడడం తగ్గించింది.

మే 19, ఆదివారం

ఎన్నికల గొడవలకు 144 పెట్టారు, బస్టాండు వైపు నలుగురు నిలబడితే పోలీసులు తరుముతున్నారు. అట్లాంటి రోజున ఫరీద్ వచ్చాడు. సైదమ్మ ఫోన్ చేసి అంతా చెప్పేసిందని వాడు చెప్పులు విడుస్తున్నప్పుడే అర్థమైంది.

మంచం మీద నా కుడివైపు కూర్చున్నాడు. నీకెప్పుడు తెలిసింది అని అడిగాను.

'రెండేళ్లయిందన్నా. తిరణాలప్పుడు తెలిసింది.'

'మరి ఇద్దరం కలిసే ఊదాం గదరా రెండేళ్లూ. ఒక్కసారి కూడా విడిపోలేదు.'

వాడు చాపవంక చూస్తూ మెల్లగా చెప్పాడు. 'నువ్వు పైకి పోతంటే నేను గూడా నీతోపాటే పైకి ఊదేవోణ్ణి. శ్రుతి పెట్టె సౌండు తగ్గించేవోణ్ణి. ఇద్దరం ఒక్కచోటే ఉంటే జనానికి అంతగా తెలవదు గదన్నా.'

పీకను పెదాలతో బిగపట్టి నొక్కితే తప్ప సన్నాయి అట్లా పైకి పలకదు. పాట పొడుగునా, పెళ్లి పొడుగునా, రెండేళ్లు.

'మరి శావల్యాపురంలో ఎందుకు దించావు?'

'అందలేదన్నా' అన్నాడు. 'పెదాలు పగిలి నెత్తురొచ్చింది. ఇంక నువ్వున్న కాడికి రాలేకపోయినా.'

సైదమ్మ టీ తెచ్చింది. ఫరీద్ తాగుతున్నప్పుడు వాడి కింది పెదవి చూశాను. లోపలి వైపు తెల్లటి గీత ఉంది. రెండేళ్లు వాడి పక్కన కూర్చున్నాను.

వెళ్లేటప్పుడు, మెషీన్ ఇంట్లో ఉండగానే ఇద్దరం కలిసి ఒకసారి ఊదుదామన్నాడు. సరే అన్నాను. మెషీన్ తీసుకుపోవడానికి ఇన్నయ్య వచ్చే ఆదివారం వస్తానన్నాడు, అప్పుడు.

మే 26, ఆదివారం

వచ్చారిద్దరూ. కచేరీలో కూర్చున్నట్టే కూర్చున్నాం. శ్రుతి పెట్టె నా ఎడమవైపు, ఫరీద్ కుడివైపు. ఇన్నయ్య ఇద్దరికీ చెరొక మైకు, చెరొక ట్రాకు పెట్టాడు. మోహన ఎత్తుకున్నాను. ఫరీద్ నా వెంట వచ్చాడు. పాత రోజుల్లో లాగే ఉంది. మూడున్నర నెలల తర్వాత మొదటిసారి నా పక్కన మనిషున్నాడు. పైకి వెళ్లినప్పుడు కూడా వాడు వదల్లేదు.

అయిపోయాక ఇన్నయ్యను నా ట్రాకు ఆపేసి, ఫరీద్‌ది ఒక్కటే శ్రుతితో కలిపి వినమన్నాను. వాడు హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నాడు. ఎట్లా ఉందని అడిగితే హెడ్‌ఫోన్ తీసి కింద పెట్టాడు. మళ్లీ అడిగాను.

'ఇతనిది గూడా పైకే ఉంది ఖాదర్' అన్నాడు. 'నీ అంతే.'

ఫరీద్ తుండుతో మూతి తుడుచుకుంటున్నాడు. తుండు మీద ఎర్రగా చిన్న మచ్చ.

ఇద్దరివీ తీసేయమన్నాను ఇన్నయ్యను. ఫరీద్ వద్దన్నాడు, ఉండనీ అన్నా, ఎవరు వింటారు అన్నాడు. తీయించాను. సన్నాయి గుడ్డలో చుట్టి పక్కన పెట్టి, ఇప్పుడు నువ్వొక్కడివే ఊదు అన్నాను. నువ్వుండగా నేనొక్కణ్ణీ ఊదనన్నాడు. శ్రుతి పెట్టె సౌండు నేనే పెంచాను. పెంచి, నా కోసం కాదు, దాని కోసం ఊదు అన్నాను.

వాడు తల వంచుకుని ఎత్తుకున్నాడు.

మొదటి స్వరం నుంచే తప్పుగా ఉంది. ప్రతి స్వరం శ్రుతికి కింద, వేలాడుతున్నట్టు. ఆపమని చెయ్యెత్తబోయి ఇన్నయ్య వంక చూశాను. వాడు కళ్లు మూసుకుని ఉన్నాడు. సైదమ్మ వంటింట్లోంచి వచ్చి గడపలో నిలబడింది. ఎదురింటి వాళ్లు తలుపు తీసుకుని బయటికొచ్చారు. నేను చెయ్యి దించుకున్నాను. వాడు సరిగ్గా ఊదుతున్నాడని నాకు అట్లా తెలిసింది.

పైకి వెళ్లాడు. అక్కడ నాకు స్వరమే వినపడలేదు, వాడి వేళ్లు కదలడం మాత్రం కనపడింది. వేళ్లు చూస్తూ కూర్చున్నాను.

అయిపోయింది. ఫరీద్ నా మొహంలోకి చూసి, ఎట్టుందన్నా అని అడిగాడు.

బాగుంది అన్నాను.